పదహారు పౌండ్ల మర్యాద

రాజమండ్రిలో కొత్తగా తెరిచిన, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ హాల్లో, పెళ్లయిన వారానికి, కొత్తల్లుడి చేతిలో బావమరిది ఓ నల్లబంతి పెట్టాడు. మామగారు వెనక కుర్చీలో కూర్చుని మురిసిపోతున్నారు.

"ఇది మరీ బరువుగా ఉంది," అన్నాడు అల్లుడు.

"పదహారు పౌండ్లండి బావగారూ! ఇంతకంటే పెద్దది అసలు ఉండదంటండి."

"నాకు పది చాలు."

"పది మా అక్కకిచ్చామండి. అల్లుడుగారికీ అదే ఇస్తే చూసినవాళ్లు ఏమనుకుంటారండి? మీకిది బరువు, మాకిది పరువు!"

"మణికట్టు లాగేస్తోంది. కింద పెట్టేస్తాను."

"పెట్టకండి బాబూ! మీరు అలిగారనుకుని నాన్నగారు అన్నం మానేస్తారు."

"పొద్దున్న నాలుగో పూతరేకు వద్దన్నందుకే మానేశారుగా!"

"అందుకేనండి భయం. ఒక్కసారి వేసేయండి."

అల్లుడు కళ్లు మూసుకుని వేశాడు. బంతి రెండడుగులు దొర్లి, ఒక్క పిన్నునీ తాకకుండా నేరుగా బాట పక్కనున్న గాడిలోకి దిగిపోయింది.

"అయ్యో, నాన్నగారు కళ్లు తుడుచుకుంటున్నారండి."

"నేను ఓడిపోయాననా?"

"కాదండి. బంతి మీ స్థాయికి చాల్లేదని. ఇరవై పౌండ్లది తెప్పిస్తారంట."

"అలాంటిది లోకంలోనే లేదని నువ్వే చెప్పావు కదా!"

"అదే చెప్పానండి. అయితే ధవళేశ్వరంలో పోత పోయిస్తారంట. అది మీ చేతికొచ్చేదాకా మీ తిరుగు ప్రయాణం వాయిదా అంటండి."