జీనత్ లోడు తూకం

రెండు వేల ఇరవై అయిదు, మార్చి నెల, ఎండలు ముదురుతున్న రోజులు. ఈ కంప్యూటరు జబ్బు ఎప్పుడు మొదలైందని నువ్వు అడుగుతావు కదా, అందుకే ముందుగా చెబుతున్నా. చెప్పడానికి కూడా కాదు, నీతో దెబ్బలాడటానికే వచ్చా కల్యాణ్ బాబూ. ఇదిగో నీ డబ్బా. చిల్లకల్లు కాటా గదిలోంచి విప్పుకుని నందిగామ దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చా. కండక్టరు దీనికి లగేజీ టికెట్టు కొడతానన్నాడు. ఒళ్ళో పిల్లకి కూడా కొడతావా అన్నా. బస్సంతా నవ్వారు. నాకే నవ్వు రాలేదు.

నువ్వు మంచినీళ్ళూ టీ అని లేవకు. కూర్చుని ఇది విప్పు. పొద్దుటి తూకాలు ఇందులోనే ఉన్నాయి. తీసివ్వు, పోతా.

తల అడ్డంగా ఊపుతావేంటి? ఉన్నాయయ్యా! అంకె పడింది, కింద పచ్చగా ‘సేవ్ అయింది’ అని వచ్చింది. రాత్రిబడిలో లాంతరు ముందు నేర్చుకున్న చదువే నాది, కాదనను. కానీ పచ్చగా రాసి ఉంటే చదవలేనా?

కాటా సంగతి నీకు తెలీదు. కంప్యూటరే తెలుసు నీకు. లోడుతో బండి ఎక్కుతుంది, ఒక తూకం. సరుకు దింపి ఖాళీగా వస్తుంది, ఇంకో తూకం. అందులోంచి ఇది తీసేస్తే సరుకెంతో తేలుతుంది. చీటీ అప్పుడే వస్తుంది. లోడు తూకం పోయిందనుకో, సరుకు దింపేశాక ఇంక ఏం పెట్టి తూస్తావు? ఎదురుగా కాయ కొనే శ్రీమన్నారాయణ గారి గోడౌనులో మిరప టిక్కీల గోతాలు కోసి, అందరి కాయా కలిపి ఒకే రాశి పోశారు. ఎర్రగా కొండలా ఉంది. అందులో ఎవరి కాయ ఎవరిదో ఏరి తీస్తావా? తియ్యి చూద్దాం!

అరవను. సరే. అరవను.

అసలు ఎవరు చెయ్యమన్నారు నిన్ను ఇంత స్పీడు?

నేనే. అవును, నేనే. అయితే ఎందుకన్నానో అది కూడా వినాలి కదా! మిరప సీజను. బళ్ళు హైవే దాకా బారు తీరాయి. ఒక్కో తూకానికి నీ తెర మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ట్రాక్టరు వాళ్ళు హారన్లు. ఒకడైతే కిటికీలోకి తల పెట్టి, "తాతా, మా కాయ ఎండుతోందా, పండుతోందా?" అన్నాడు. ఇంకోడు కీసర దగ్గర కొత్త కాటాకి పోతానన్నాడు, పోయాడు కూడా. బాలామణమ్మ గారు, కాటా ఆమెదే కదా, వచ్చి కుర్చీ వేసుక్కూర్చుని ఒక్క మాట అన్నారు: "ఇమాం, మిషను మార్చనా, మనిషిని మార్చనా?" నవ్వుతూనే అన్నారులే. నవ్వుతూ అన్న మాట మరీ గుచ్చుకుంటుంది బాబూ.

అందుకే నిన్ను పిలిచా. నువ్వొచ్చావు. పాత విండోసు పీకేసి లినక్సు వేశావు. తెర మీద ఆ సోకులన్నీ తీసేశావు. స్విచ్చి వెయ్యగానే వాటంతటవే లేచి కూర్చునే వాటిని ఒక్కోటి చూపించి, ఇది మనకెందుకు, అది మనకెందుకు అని కట్టేశావు. బాగానే పుంజుకుంది. అయినా తూకం తూకానికీ ఒక కుదుపు. అప్పుడు నల్ల తెర తెరిచి అంకెలు చూస్తూ కూర్చుని, "తాతా, నీ మిషను బుర్ర ఖాళీగానే ఉంది. డిస్కు ముసలిది. ప్రతి తూకం దాని మీద రాసి, రాశానని అది చెప్పేదాకా ఆగుతోంది. ఆలస్యం అక్కడ" అన్నావు.

ముసలిదంటే నాకు కోపం వచ్చిందనుకో. అది వేరే సంగతి.

మరి ఆగకుండా చెయ్యి అన్నా. చెయ్యొచ్చు, తూకాలన్నీ డిస్కు మీద కాకుండా మెమరీలో పెట్టుకుని గంటకోసారి కిందికి దింపొచ్చు అన్నావు. అలాగే చేశావు. అబ్బ! బండి చక్రం కాటా మీద నిలిచేసరికి అంకె. నొక్కేసరికి సేవు. ఆ రోజు కిటికీలోకి తల పెట్టినోడే నాకు టీ పోయించాడు.

కానీ గంటకోసారి దింపేటప్పుడు కాసేపు బిగుసుకుపోయేది. మళ్ళీ హారన్లు. నీకు ఫోను చేసి, ఆ గంటకోసారి గోల వద్దు, సాయంత్రం కాటా కట్టేశాక ఒక్కసారే దింపమను అన్నా. నువ్వు వద్దన్నావు. గట్టిగానే వద్దన్నావు. "కరెంటు పోతే మెమరీలో ఉన్నవన్నీ పోతాయి తాతా" అన్నావు. విన్నా. చెవుడేం లేదు నాకు.

ఇవాళ పొద్దున పోయింది కరెంటు. ఎక్కువసేపు కాదు. నేను కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకునే లోపు మళ్ళీ వచ్చింది. డబ్బా కూడా వెంటనే లేచింది, నువ్వు చేసిన స్పీడు కదా! లేచి, నిన్నటి సాయంత్రం దాకా చూపించింది. పొద్దుటిది ఒక్కటంటే ఒక్కటి లేదు. కడిగేసినట్టుంది.

మిగతా రైతులు గడుసువాళ్ళు. ఊళ్ళోనే తూయించుకుని వచ్చారు, ఆ చీటీలు చూపించి గట్టెక్కారు. చిక్కల్లా జీనత్‌దే. వత్సవాయి వైపు పిల్ల. మొగుడు పోయాక కౌలుకి తీసుకుని మిరప వేసింది. ఎడ్లూ లేవు, మనుషులూ లేరు, వంగిన నడుం వంగినట్టే ఉంది ఏడాదంతా. టిక్కీలు తనే ఎక్కి తొక్కి నింపింది. ఇంత బిగువుగా ఉన్నాయి, వేలు దిగదు. ఊళ్ళో తూయించలేదా అమ్మా అంటే ఏమందో తెలుసా? "ఇమాం చాచా కాటా ఉండగా ఇంకో తూకం ఎందుకు?" అంది.

శ్రీమన్నారాయణ గారు చెడ్డవాడు కాదు. "నీ కాయ ఎంతో నాకు మాత్రం ఎలా తెలుస్తుందమ్మా? సాయంత్రం దాకా చూస్తా. ఇమాం తూకం తెస్తే ఆ తూకమే. తేకపోతే టిక్కీలు లెక్కపెట్టి, మార్కెట్లో వదులు టిక్కీకి ఎంత బరువు కడతారో అంత" అన్నారు. వదులు టిక్కీ! అంత తొక్కి నింపితే!

అందుకయ్యా పరిగెత్తుకొచ్చింది. చూడు. ఆ నల్ల తెర తియ్యి. ఏ మూలనన్నా ఉంటుంది. నీళ్ళు పారబోస్తే చెంబుకి తడన్నా అంటుకుని ఉంటుంది కదా?

ఉండదా? అసలేమీ ఉండదా?

యా అల్లా.

ఇప్పుడు అడుగుతావు నువ్వు, నాకు తెలుసు. అడగకుండా డబ్బా వైపే చూస్తున్నావు, అది ఇంకా కష్టంగా ఉంది. నేనే చెబుతా. ఆ రోజు ఫోన్లో నువ్వు ఒక్కటే అడిగావు: "యూపీయస్ బాగుందా తాతా? కరెంటు పోయినా కాసేపు నిలబెడుతుందా? అది ఉంటే సరే, ఆ లోపు మొత్తం దింపుకునేటట్టు పెడతా." బ్రహ్మాండంగా ఉంది అన్నా.

దసరా నుంచీ దాని బ్యాటరీ చచ్చే ఉంది. కరెంటు పోతే కుయ్యిమని ఒక్క కూత కూసి పడుకుంటుంది. లేదంటే నువ్వు ఒప్పుకోవని తెలుసు. బ్యాటరీ అడిగితే బాలామణమ్మ గారు ఎలాగూ ఇన్ని ఖర్చులే, మొత్తం మార్చేద్దాం అంటారని భయం. మొత్తం అంటే అందులో నేనూ ఉన్నా కదా. అందుకని బాగుందని చెప్పా.

ఇంకోటి కూడా ఉంది. ఇది నువ్వు అడగవు, నీకు తెలీదు కాబట్టి. పాత రోజుల్లో లోడు తూకం పడగానే నేను గదిలోంచి దిగి వెళ్ళి, ట్రాక్టరు తొట్టి పక్కన సుద్దముక్కతో ఆ అంకె రాసేవాణ్ణి. ఎవరూ రాయమనలేదు. నేను అక్షరాలు నేర్చుకున్నదే అందుకు. బండి ఖాళీ అయి తిరిగొచ్చేదాకా అంకె దాని ఒంటి మీదే ఉండేది. ఆ గుండ్రం తిరుగుతుండగానే దిగి, రాసి, ఎక్కి వచ్చేవాణ్ణి. తిరగడం ఆగిపోయాక దిగే తీరిక ఏది? ఒక బండి దిగకముందే ఇంకోటి ఎక్కుతోంది. సుద్దముక్క కిటికీలో పడి ఉంది. దాని మీద దుమ్ము.

జీనత్ ఒక్క మాటే అడిగింది. "తూకం నువ్వు చూశావు కదా చాచా, ఎంతో చెప్పు. నీ మాట చాలు, సేటు ఒప్పుకుంటాడు" అంది. నిజమే, ఒప్పుకునేవాడు. నా నోటి తూకాన్ని ఇన్నేళ్ళలో ఎవరూ కాదనలేదు.

చూశా బాబూ. పచ్చగా వచ్చింది చూశా. అంకె చూడలేదు. చూసే పని లేకుండా అయిపోయింది.

ఏదో ఒక అంకె చెప్పేయొచ్చు కదా అంటావా? నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

ఉండు, ఫోను మోగుతోంది. ఆమే... చెప్పమ్మా జీనత్... కల్యాణ్ దగ్గరే ఉన్నా, చూస్తున్నాడు, ఇంకా... ఏంటీ? సాయంత్రం దాకా అన్నారు కదా!... కిరాయి చేతిలో పెట్టందే ట్రాక్టరు వాడు ఆగనన్నాడా... ఎంతకి?... సరే అమ్మా... లేదమ్మా, ఏం లేదు. నువ్వు జాగ్రత్తగా ఇంటికి పో.

ఆ మూత బిగించెయ్యి బాబూ. ఇంక వెతకొద్దు.

వదులు టిక్కీ తూకమే కట్టారంట. జీనత్ సంతకం పెట్టేసింది.