సోనీ డాడీ షర్టులు

నవ్వకు. నవ్వద్దంటున్న గదా! సమాధిల పండుకున్నోనివి, మర్యాదగ పండుకో.

ఆ, నీ షర్టే. పోయినేడు క్రిస్మస్‌కు కుట్టించుకున్నవ్ సూడు, ఆకుపచ్చ గీతలది, గదే. ఇప్పుడు నా మీదున్నది. చర్చిల ప్రార్థన అయినంక సీదా ఈడికే వచ్చిన, నీకు సూపిద్దామని. గా కావలాయన గేటు కాన్నుంచి సూస్తుండు, ఈమె రాయితోని ఏం ముచ్చట వెట్టిందని. సూడనీ.

అసలు తప్పంత నీదే సోనీ డాడీ. పోయేటోనివి పోయినవ్, నీ నౌకరి నా నెత్తిన వెట్టి పోయినవ్. నువ్వు పొద్దుగాల్నే ఇస్త్రీ షర్టేస్కొని పోతుంటె, ఆఫీసుల ఫ్యాన్ కింద కుర్సీల కూసుంటవనుకున్న. అటెండర్ అంటె ఫైళ్లు వట్టుకొని కిందికి మీదికి, మీదికి కిందికి ఉర్కుడని ఒక్కనాడన్న చెప్పినవా? గా మెట్ల ముచ్చట ఇంట్ల ఎత్తినవా?

చీర కట్టుకొని గా మెట్లెక్కుతుంటె కుచ్చిళ్లు కాలికి తట్టి పడ్డ. ఉట్టిగ పడ్డనా? చాయ్ కప్పులతోని పడ్డ. ఎవరి మీద? మన పెద్దసారు, జగదీశ్వర్ సార్ మీద! తెల్ల ప్యాంటు, పాపం. మంచోడు, తిట్టలే. "సుందరమ్మా, డ్రెస్ ఏస్కో తల్లీ. నీకు మంచిది, నాకు మంచిది" అన్నడు.

డ్రెస్సట! పెండ్లైన కొత్తల ఒక్కపారి అడిగితె నువ్వేమన్నవ్? "నీకు డ్రెస్సేస్తె బియ్యం బస్తాకు చేతులు కుట్టినట్టుంటది" అన్నవ్. నీ పొట్ట సూస్కోకుండనే అన్నవ్.

ఇంటికొచ్చి బీర్వా తెరిచిన. నా చీరలు ఒక్క అర. మిగిలినయన్ని నీయే. షర్టులు, లాల్చీలు, సఫారీలు. ఏం సోకు, ఏం సోకు! బీదోళ్లకియ్యమని పాస్టరమ్మ అప్పటికే అడగవట్టె. మూట గూడ కట్టిన. కట్టంగ చేతికి తగిలింది సూడు గా బట్ట, మెత్తగ, సల్లగ... జన్మల నేను గసొంటిది తొడగలే. బీదోళ్లకియ్యమన్నరు గదా, నేనేమన్న నవాబు బిడ్డనా? మూట విప్పిన.

మొదలు మన మాదన్నపేట మార్కెట్ కాడ సోమయ్యన్న తాన్కి వోయిన. నీ షర్టులన్ని కుట్టినాయనే గదా, సులువైతదనుకున్న. ఆయన షర్టు ముట్టుకున్నడు, కండ్లద్దాలు తీసిండు, ఏడుపు షురూ చేసిండు. "ప్రేమ్‌రాజ్ షర్టుకు కత్తెర వెట్టమంటవా చెల్లె? నా చెయ్యి రాదు!" ఆయన్ని సూసి నేనేడ్చిన. మా ఇద్దర్ని సూసి పక్కన తోటకూర అమ్మేటామె ఏడ్చింది. ఆమెకు నువ్వెవరో గూడ ఎర్కలేదు! ఆఖరికి చాయ్ తాపి, షర్టులు మళ్ల సంచిల వెట్టి పంపిండు.

తర్వాత పెద్ద రోడ్డు మీద అద్దాల దుకాణం. శ్రవణ్‌కుమారని పడుచు పోరడు, చెవికి పోగు. "ఆంటీ, ఫికర్ చెయ్యకుండ్రి, పాతదాన్ని కొత్త స్టైల్ చేసిస్త" అన్నడు. టేపు గూడ సరిగ వెట్టలే, కండ్లతోనే కొలిచిండు. నీ నీలం లాల్చీ, నీ గోధుమరంగు సఫారీ, రెండు కోసి ఒక్కటి చేసిండు. ఏస్కొని అద్దం ముంగట నిలవడితె కిటికీ పరదా లెక్కున్న. ఇగ సఫారీ జేబు, దాని మూత, దాని గుండీ, అన్ని కలిసి యాడికొచ్చినయో చెప్పు? నా వెనుకకు! "డిజైన్ ఆంటీ" అంటడు. అండ్ల ఏం వెట్టుకోవాలె? వెట్టుకొని దాని మీద కూసోవాల్నా?

సోనీ నవ్వి నవ్వి ఎక్కిళ్లు వట్టి మంచం మీద పడ్డది. నేను గూడ నవ్విన. తర్వాత బాత్రూంలకు వోయి, నల్లా తిప్పి ఏడ్చిన. గా నీలం లాల్చీ సోనీ బాప్తిస్మం నాడు ఏస్కున్నవ్ గదా. కోసి పారేసిండు. ఇగ రాదు. ఎవ్వలకియ్య, ఏం కుట్టియ్య, చీరలనే పడి సస్త అనుకున్న.

పడ్డ గూడ. మళ్ల గదే మెట్ల మీద. ఈపారి సార్ తప్పించుకున్నడు.

మోకాలికి మందు రాస్తూ ఫరీహా అన్నది... కంప్యూటర్ కాడ కూసుంటది, నువ్వు పోయినంక వచ్చిన పిల్ల... "అమ్మా, కిషన్‌బాగ్‌ల మా ఖాలా ఉన్నది, మా అమ్మ అక్క. పాత బట్టలు మస్తు తిప్పి కుడ్తది. కాకపోతె జర నోరెక్కువ." నోరుంటె ఉండనీ, చెయ్యి మంచిగుంటె సాలన్న.

అజ్మతున్నీసా ఆమె పేరు. ముంగటి అర్రల మిషన్, చుట్టూర బట్టల కుప్పలు. నీ షర్టు ఎత్తి వెలుగుకు వట్టింది. "క్యా పేట్ థా మా!" అన్నది. ఏం పొట్టనమ్మా అని! నాకు ఒళ్లు మండింది. ఎంతైన నా పెనిమిటివి గదా, అనేదుంటె నేననాలె. "ఆయన పోయిండు ఆపా" అన్న.

"అల్లా సల్లగ సూస్తడు. పొట్ట మాత్రం మంచిది. గీ పొట్ట బట్టలనే నీ పొడుగు చేతులు ఎల్తయి" అన్నది.

ఇగో, ఇన్నేండ్లు తిట్టిన పొట్టకు ఆనాడు మనసుల దండం వెట్టిన.

అంతల నా చేతిల బ్లేడు వెట్టింది. "కోసుడు ఎవరికైన వస్తది. కుట్లు విప్పుడే అసలు పని. కూసో, విప్పు." నేనా అన్న. "నీ ఆద్మీ బట్టలు, ఇంకెవరు విప్పాలె?" అన్నది.

గడప కాడ కూసొని విప్పిన. చేతులు వేరే, వీపు వేరే, కాలర్ వేరే. సోనీ డాడీ, గా కాలర్ మడత లోపట నీ మెడ మరక ఇంక అట్లనే ఉండె. ఎన్నిసార్లు బ్రష్షు కొట్టిననో! ఎన్నిసార్లు నిన్ను తిట్టిననో! నా కండ్లు మసకైనయ్. ఆమె సూసింది. మిషన్ గట్టిగ తొక్కింది. గా సప్పుడుల నా ఏడుపు బైటికి ఇనరాలే.

విప్పుడయినంక అడిగింది: "గల్లా ఎట్ల కావాలె? గుండ్రమా, చౌకమా? చేతులు యాడిదాంక? పొడుగెంత?"

చీర నువ్వు తెస్తివి, జాకెట్ మీ అమ్మ చెప్పినట్టు కుట్టిస్తిమి. మెడ ఎట్ల కావాలె సుందరమ్మా అని నన్నెవరడిగిన్రు? "ఎట్లనన్న కుట్టు ఆపా" అన్న.

కత్తెర కింద వెట్టేసింది. "అడగకుండ బట్టలు తొడిగేది పీనుగకే. నువ్వు బతికున్నవా లేదా? చెప్పు."

కోపమొచ్చింది, నవ్వొచ్చింది. చాయ్ తాగిన, మస్తు సేపు సోంచాయించిన. అప్పుడు చెప్పిన: "జేబులు కావాలె. రెండు. లోతుగ. ముంగట!"

"షాబాష్" అన్నది.

సూడు, ఎట్ల కుట్టిందో! భుజం కాడ ఒక్క ముడత లేదు. జేబుల బస్‌పాస్ ఉన్నది, తాళం చెయ్యి ఉన్నది, ఫోనున్నది. చేతులు రెండు ఖాళీ! ఆడమనిషికి రెండు చేతులు ఖాళీగుంటె ఎంత హాయో నీకేం తెలుసు, పుట్టుకతోనే జేబులున్నోనివి.

ఆఫీసుకు ఏస్కపోయిన. జగదీశ్వర్ సార్ సూసి కుర్సీల కెల్లి లేచిండు. "ప్రేమ్‌రాజ్ వచ్చిండనుకున్న" అన్నడు. కండ్లు తుడుచుకున్నడు. తుడుచుకొని జర దూరం జరిగి నిలవడ్డడు, నా చేతిల చాయ్ ట్రే ఉండె గదా!

పడలే. గల్లుగల్లుమని ఎక్కిన మెట్లన్ని.

ఇప్పుడు లొల్లేందంటె, ఆఫీసుల ఆడోళ్లంత కిషన్‌బాగ్ బాట వట్టిన్రు. మొగుళ్లు బతికుండంగనే షర్టులు మాయం చేస్తున్రు. రూప లేదా, రికార్డు రూంల కూసుంటది? ఆమె మొగడు రవీందర్ నాకు ఫోన్ చేసి, "అక్కా, నేనింక సావలే! జర మా ఇంటామెకు చెప్పు" అని మొత్తుకున్నడు. నేనేం చెప్తనయ్యా?

సరే, ఎండెక్కుతుంది. పోత ఇగ.

ఒక్క మాట... ఎవ్వలకు చెప్పలే, పాస్టరమ్మకు గూడ చెప్పలే. నీకు చెప్తె నువ్వు ఇంకొకలకు చెప్పవు.

నువ్వు పోతె ఏడ్చిన. అబద్ధం కాదు. ఇప్పటికి రెండు గ్లాసుల చాయ్ వోసి నాలిక్కరుసుకుంట. గానీ పొద్దున లేచి, నేను ఆఫీసుకు పోవాలె అనుకుంటె మనసుకు ఎంత మంచిగనిపిస్తదో తెలుసా? సార్ నన్ను పేరు వెట్టి పిలుస్తడు. ఫైలు దొరక్కపోతె "సుందరమ్మనడుగుండ్రి" అంటరు. నువ్వుంటె ఇదంత నాకు యాడిది? నువ్వు పోతెనే వచ్చింది. గీ ముచ్చట తల్సుకుంటె రాత్రి భయమైతది నాకు, నేనేం మనిషినని.

నువ్వు లేచి ఇంటికొచ్చినవనుకో, రావద్దంటనా? రా. అన్నం వండి మూత వెట్టి పోత, కూర గిన్నె పొయ్యి మీదుంటది, వేడి చేస్కో.

ఆఫీసుకైతె పోత. ఏమన్న అనుకో.