దసరాకు పడ్డ మూతలు

దుర్గేష్ నోరు తెరిచాడంటే నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మిషన్లు సిగ్గుపడి ఆగిపోవాల్సిందే. ఆ మధ్యాహ్నం సుబ్బులు టీ కొట్టు ముందు బల్ల మీద అతను కూర్చున్న తీరు చూస్తే, చుట్టుపక్కల షెడ్లన్నీ అతని పేరు మీదే ఉన్నాయేమో అనిపిస్తుంది.

బల్ల రెండో చివర రత్నకుమారి టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. సీసా మూతలు చేసే కంపెనీలో ఏ మూతకు ఎంత ఖర్చయిందో తేల్చడం ఆమె పని. తల పగిలిపోతోంది. కంప్యూటర్‌లో చూస్తే గోదాం నిండా మూతలు, గోదాంలో చూస్తే ఖాళీ. ఏ రోజువో, మూతలు కొట్టే ఏ ప్రెస్సువో ఆ కంప్యూటర్ చెప్పదు, మొత్తం మాత్రం చూపించి ఊరుకుంటుంది. స్టోర్ కీపర్ పోశయ్యే అమ్ముకున్నాడని మేనేజర్ తేల్చేశాడు. సాయంత్రంలోగా మూతల సంగతి తేలకపోతే పోలీసు కంప్లైంటు. సొట్టపోయిన మూత ఒక్కటి కూడా మనవడికి ఆడుకోవడానికి పట్టుకెళ్లని మనిషి పోశయ్య. కానీ ఆ మేనేజర్‌కు కంప్యూటర్ మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదాయె.

"జర ఇను రంజిత్," అన్నాడు దుర్గేష్, పక్క షెడ్డు ఆపరేటర్ భుజం చరిచి. "గా మూతల కంపెనీల ప్రెస్సులకు సాఫ్ట్‌వేర్ ఎక్కించి అకౌంట్స్‌కు కలిపినోడు ఎవడనుకున్నవ్? నేనే."

రత్నకుమారి తల తిప్పి చూసింది. అకౌంట్స్ గది గుమ్మం ఒక్కసారైనా తొక్కకుండా అకౌంట్స్‌కు లింకు పెట్టిన మహానుభావుడు ఈయనేనన్నమాట!

"మూత జారే కాడ సెన్సర్ కన్ను వెట్టిన. ముంగట నుంచి ఏది పోతే అది సూస్తది, ఒకటని ఏస్తది. గది సీద పోయి అకౌంట్స్‌ల స్టాకు అయితది. నడుమ మనిషి లేడు, కాయితం లేదు. ఒక్క పూటల జేసి పడేసిన."

అంతవరకు నిజమే. అక్కడితో ఆపితే అతను దుర్గేష్ ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మూత సల్లవడకముందే దాని ఖర్చు అకౌంట్స్‌ల పడుడు షురూ అయింది. ఆడ ఒక మేడం ఉంటది, దినాలకు దినాలు లెక్కలు గట్టుకుంట కూసునేది. నా పని సూసి ఏడ్సింది. 'తమ్మీ, నా కండ్లు తెరిపిచ్చినవ్' అని నా చెయ్యి వట్టుకున్నది."

"నీ చెయ్యే?" అంది సుబ్బులు, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"మరి నీ చెయ్యా?"

రత్నకుమారి తన చేతిని చూసుకుంది. ఇంత దరిద్రపు పని అది ఎప్పుడు చేసిందో ఆమెకు గుర్తు రాలేదు.

"జర్మనీ నుంచి ఇంజనీర్ వచ్చిండు. ఎయిర్‌పోర్టు నుంచి సీద చెంగిచెర్లల మా ఇంటికే. మా అమ్మ సర్వపిండి వెడితే తినుకుంట అడుగుతుండు, 'దుర్గేష్ సాబ్, మా దేశంల మూత పడ్డంక ఖర్చు తెలుస్తది, నీ తాన పడకముందే ఎట్ల తెలుస్తది?' అని. నేను నవ్విన. 'మూతకు ముందే జెప్పివెడ్త, ఇంతకంటె ఎక్కువైతే నువ్వు పడనే పడొద్దని' అన్న. గా దినం సంది ఒక్క మూత హద్దు దాటలే!"

"జర్మనోడు తెలుగుల అడిగిండా అన్నా?" అన్నాడు రంజిత్.

"నా ముంగట కూసుంటే ఎవనికైనా తెలుగే వస్తది. ఒకపారి ఉప్పల్ నుంచి నారపల్లి దాకా కరెంటు వోయింది. మన ప్రెస్సులు ఆగలే. ఎందుకాగుతయ్, నేను ఆగుమనలేదాయె. గివన్ని ఒక ఎత్తు, దసరా సెలవులు ఒక ఎత్తు. షెడ్డుకు తాళం. లోపట నరమానవుడు లేడు. నేను ఇంట్ల కూసోని ఫోన్ల సూస్తున్న. మూడో ప్రెస్సు టకటక మూతలు పడేస్తున్నది! పండగంతా పడేసింది. కూలి లేదు, రేకు లేదు, ఖర్చు సున్న!"

"రేకు లేకుంటే మూతలెట్ల పడ్తయ్?"

"గదే టెక్నాలజీ. నీకు సమజ్ గాదు."

రత్నకుమారి గ్లాసు కింద పెట్టింది. తలనొప్పి ఎటుపోయిందో పోయింది.

"మూడో ప్రెస్సేనా బాబూ? పండక్కి కరెంటు ఆపలేదా?"

"నేనే ఆపొద్దన్న అక్కా. కన్ను బందయితే ఫోన్ల ఏం సూడాలె?"

"ఫ్యాను?"

"అది గుడ నడవనియ్యిమన్న. కన్ను వేడెక్కితే లెక్క తప్పుతది. గిన్ని జాగర్తలు ఎవడు తీసుకుంటడు జెప్పు?"

"నువ్వు తప్ప ఎవరూ తీసుకోరు," అంది రత్నకుమారి. "ఆయుధపూజ నాడు ఆ ప్రెస్సుకు నిమ్మకాయల దండ కట్టింది నేనే. మూత జారే చోట, నీ కన్నుకు ఎదురుగా కట్టాను. నీ ఫ్యాను పండగంతా దాన్ని ఊపింది. నీ కన్ను నిమ్మకాయల్ని లెక్కపెట్టి మూతలని రాసింది."

రంజిత్‌కు టీ పొలమారింది. సుబ్బులు గరిటె వదిలేసి పకపకా నవ్వింది, పాలు పొంగిపోయాయి.

"మీరు... ఎవరక్కా?" అన్నాడు దుర్గేష్.

"నీ పని చూసి ఏడ్చిన మేడాన్ని. ఇప్పుడు నిజంగానే ఏడుపొస్తోంది. నీ నిమ్మకాయల కోసం మా పోశయ్యను జైల్లో పెట్టిస్తున్నారు. లే, మా మేనేజర్‌కు ఈ దసరా కథ చెబుదువుగాని."

"జర ఎక్కువ జేసి జెప్పిన మేడం..."

"ఏది ఎక్కువ? కరెంటా, ఫ్యానా?"

దుర్గేష్ బల్ల మీంచి లేచాడు. చెప్పినదాంట్లో నిజమంటూ ఉన్నవి సరిగ్గా అవే.

ఆఫీసు గదిలో మేనేజర్ అంతా విని, కంప్యూటర్ వైపు ఒకసారి దిగులుగా చూశాడు. "సరే, మరి ఆ మూతలేవి?" అన్నాడు.

రత్నకుమారి ఫోనులో పోశయ్య నంబరు కలిపి, అతను ఎత్తగానే స్పీకర్ నొక్కి, ఫోను దుర్గేష్ మొహం ముందు పెట్టింది.

"పడలే సార్," అన్నాడు దుర్గేష్. "ఒక్కటి గుడ పడలే."