సగం తాడు

కనగానపల్లి పక్క పల్లెలో, నరసక్క ఒట్టి చేతులతో నిలబడి బావిలోకి చూస్తోంది. బిందె, చేదతాడు ఎత్తుకుని పావని వచ్చింది.

"నీ చేద యాడక్కా?"

"తాడుతో సహా మునిగిపాయ. కొళాయి రాలేదని చానాళ్లకు ఈడికి వస్తి. పాత అలవాటున తాడంతా ఒక్కసారే వదిలేస్తి, చేద అప్పుడే నిండి ఆ బరువుకు తాడు కొస చేయి జారిపాయ. ఎండాకాలంలో నీళ్లు ఇంత పైన ఉంటాయని నా చేతికేం తెలుసు?"

"పోయినేడు చేద అడుగు రాయికి తగిలేది."

"కొండ వాలున రాళ్లకట్టలు వేస్తే వాననీళ్లు నిలిచి బావిలో ఊరతాయని ఇంటింటికీ తిరిగితివి. ఎంత మొండిదానివే నువ్వు."

"రాళ్లు అందరం మోసినాం కదక్కా."

"మోసినాం. నమ్మింది నువ్వొక్కదానివే."

పావని తల వంచుకుంది. "నా తాడు తీసుకో."

"కొడవలి తేపో, సగానికి కోద్దాం. ఇంక సగం తాడు నీకూ చాలు, నాకూ చాలు."