వెనక నిలబడ్డ అల్లుడు

అప్పలసూరి అని ఒకాయన ఉండేవాడంట. మన దొండపాలేనికి ఇల్లరికం వచ్చిన అల్లుడు. కొండకి ఆవలున్న ముళ్ళవాడ ఆయన పుట్టిన ఊరు. ఆ రెండూళ్ళకీ ఏటేటా ఫుట్‌బాల్ పందెం జరిగేదంట. మన దొండపాలెం వాళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా, పెళ్ళిలో రెండో పంక్తికి పిలిస్తే అన్నం మాట మరిచిపోయి అలిగి వచ్చేసే మనుషులం. ఆ ఏడు ఏమైందంటే, టౌను నుంచి ఒక డ్రిల్లు మాస్టారు వచ్చి, "దాడే మీ బలం, కాదనను. అయిదుగురు ముందుండండి, ముగ్గురు నడుమ ఉండండి, ఇద్దరు మాత్రం వెనక కాపు కాయండి" అని నేల మీద గీతలు గీసి చూపించాడంట. వెనక అనేసరికి మనవాళ్ళకి మండుకొచ్చింది. మా వీధివాడు మీ వీధివాడి వీపు చూస్తూ నిలబడాలా అని ఒకరు, మా తాత ఎవరి వెనకైనా నిలబడ్డాడా అని ఇంకొకరు. చివరికి సూరి మామ లచ్చుమయ్య తీర్పు చెప్పాడంట: "పదిమందీ ముందే. బంతి ఎప్పుడూ ఆళ్ళ గోలు కాడే ఉంటే, మన గోలుకి కాపలా ఏటికి?" మాస్టారు బస్సెక్కేశాడు. మరి గోలు కాసే గోలీ ఎవరు? గోలీ అంటే అందరికన్నా వెనక కదా. అందరూ అల్లుడి వైపు చూశారంట.

ఆ పొద్దున పెళ్ళాం పైడితల్లి, "ఒక్క గోలు ఒగ్గీసినా, పుట్టినూరి మీద మమకారం అంటారు. నా మొహం చూసైనా పట్టు మావా" అని బతిమాలుకుందంట. లచ్చుమయ్య అయితే బతిమాలలేదు. "ఓడిపోయామా, నీ మంచం ముళ్ళవాడలోనే ఏసుకో అల్లుడా" అన్నాడంట.

ఇంక ఆట చూడాలి. పదిమందీ కుడితి తొట్టి మీద పడ్డ గేదెల్లాగా వాళ్ళ గోలు ముందు ఇరుక్కున్నారు అనుకోండి. ఒకరి మోచెయ్యి ఒకరి డొక్కలో. ఆ తోపులాటలోనే మూడు గోల్స్ పడ్డాయంట, కాదనకూడదు. కానీ ముళ్ళవాడ వాళ్ళు బంతిని మనవాళ్ళ నెత్తి మీదుగా తన్ని ఇద్దరిద్దరు పరిగెత్తుకొస్తే, ఇవతల సూరి ఒక్కడే. "ఏరా సూరీ, అత్తారోళ్ళు నిన్నొక్కడినే ఒగ్గీసి తీర్థానికెళ్ళారా?" అని నవ్వుకుంటూ వాళ్ళూ మూడు వేశారు. ప్రతి గోలుకీ లచ్చుమయ్య గట్టు మీంచి, "చూడండి, కాళ్ళు మనయి, చేతులు ఆళ్ళయి!" అని అరిచేవాడంట.

సూరి, ఇక్కడే నిలబడితే ఎలాగూ ద్రోహిననే అంటారు అనుకుని, చేతికందిన బంతిని కింద పెట్టి తనే తన్నుకుంటూ బయలుదేరాడంట. ఆపేవాడు లేడు. తీరా గోలు దగ్గరికి పోతే ఏముంది, మనవాళ్ళ వీపులే గోడ. "తప్పుకో బావా!" అంటే, బావమరిది తవిటయ్య, "నువ్వే తప్పుకో, ముందు నానొచ్చాను" అన్నాడంట. ఆగలేక సూరి తన్నాడు. బంతి తవిటయ్య వీపుకి తగిలి వెనక్కి తిరిగింది. ఆ నేల మన గోలు వైపే వాలు. దొర్లుతోంది, దొర్లుతోంది, గోల్లో మనిషి లేడు. నువ్వెళ్ళంటే నువ్వెళ్ళని మనవాళ్ళు. వెనక్కి పరిగెత్తడం పరువు తక్కువ కదా! ముళ్ళవాడ వాళ్ళేమో నవ్వలేక పొట్టలు పట్టుకుని కూలబడ్డారంట. సూరి ఒక్కడే పరిగెత్తి, గీత మీద బంతిని కావలించుకుని పడ్డాడు. విజిల్ మోగింది. ఆట సమం.

మామ వచ్చి అల్లుడి వీపు మీద దుమ్ము దులిపి, ఊరందరికీ వినపడేలా, "ఈడు అల్లుడు గాబట్టి ఎనక్కి పరిగెత్తేడు. మనోళ్ళకి చేతనవుద్దా!" అన్నాడంట. మెచ్చుకున్నాడో తిట్టాడో సూరికి తెలియలేదు కానీ, పైడితల్లి మాత్రం కళ్ళు తుడుచుకుంది.

బుద్ధొచ్చి మనవాళ్ళు ఆట మార్చుకున్నారని అనుకుంటున్నారా? లేదు. ఇల్లరికపు అల్లుళ్ళని వెతకడం మొదలుపెట్టారు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడిని అటూ ఇటూ దూకమనేవారంట. మా నాన్న అలా దూకి వచ్చినవాడే. దూకినప్పుడు కాలు బెణికితే, సంబంధం తప్పిపోయిందనే అందరూ అనుకున్నారంట. మా అమ్మ తరపు తాత మాత్రం, "ఎనక నిలబడేవోడికి పరిగెత్తే పనేటుంది?" అని తాంబూలాలు పుచ్చుకున్నాడు.