వెనక్కి చూసే ఉయ్యాల

"నా జ్ఞాపకం మీద నాకే నమ్మకం లేదండి, ముందే చెప్పేస్తున్నాను," అన్నారు ధనరాజు గారు, టీ గ్లాసు పక్కన పెట్టి.

కాట్రేనికోన సెంటర్లో విజయకుమారి టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఆయన ఆ మాట అన్నారంటే, ఇక ఆ సాయంత్రం ఎవరూ తొందరగా ఇంటికి వెళ్ళరని అర్థం. నాకన్నీ బాగా గుర్తున్నాయని చెప్పుకునేవాణ్ణి లోకం మాటమాటకీ నిలదీస్తుంది. మరుపు ఉందని ముందుగా ఒప్పుకున్నవాడి జోలికి ఎవరూ పోరు. ఈ సూక్ష్మం ధనరాజు గారికి సముద్రం మీద పడవ నడిపిన రోజుల్లోనే బోధపడింది. పడిన చేప పొడుగు గురించి కూడా ఆయన అనుమానంగానే మొదలుపెట్టేవారు. ముగించేసరికి చేప పడవను మించిపోయేది.

అయితే ఆ రోజు ఆయన గొంతులో ఎప్పటి హుషారు లేదు. లోపల ఉడుకుతున్న కోపం ఉంది. పురుటికి వచ్చిన కూతురు సత్యప్రియ, మూడో నెల రాగానే బిడ్డను తీసుకుని గోదావరి అవతల నరసాపురంలో ఉన్న అత్తవారింటికి వెళ్ళిపోయింది. అమ్మమ్మగారింటి గుమ్మం దాటే బిడ్డ తాత పెట్టిన ఉయ్యాలతోనే దాటాలన్నది ఆ ఇంట్లో ఏనాటి నుంచో వస్తున్న ఆచారం. ఆ హక్కు తనకు దక్కిందా, దక్కలేదా? ధనరాజు గారిని తొలుస్తున్నది అదొక్కటే. ఈ కాలంలో బిడ్డ కారులో వెళుతుంది గనక, ఆ ఉయ్యాల కారు సీటు రూపంలో వచ్చి పడటంతో చిక్కంతా మొదలైంది.

వినడానికి ఇద్దరున్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఇమ్మానుయేలు మాస్టారు ఒకరు. మితభాషి. రెండోవాడు గంగరాజు, ఒకప్పుడు ధనరాజు గారి పడవలోనూ, ఇప్పుడు ఆయన రొయ్యల చెరువు గట్టు మీదా పనిచేస్తున్నవాడు. ఊ కొట్టడం కూడా తన పనిలో భాగమేనని అతడి నమ్మకం.

కథ చిన్నగానే మొదలైంది. బిడ్డ పుట్టకముందు ఏదీ కొనకూడదు గనక, పురిటి స్నానం అయ్యాకే ఆయన కాకినాడ వెళ్ళారు. కొట్లో ఉన్న అమ్మాయి రెండు రకాలు చూపించింది. ఒకటి పిడి ఉన్న బుట్టలాంటిది, ఇన్‌ఫాంట్ సీటు. పసిగుడ్డు ఒంటికి చక్కగా సరిపోతుంది, నిద్ర చెడకుండా బిడ్డతో సహా ఎత్తి ఇంట్లోకి తీసుకుపోవచ్చు, కాకపోతే ఏడాది తిరిగేసరికి చిన్నదైపోతుంది. రెండోది కన్వర్టిబుల్. బరువైనది, కారులో బిగిస్తే అక్కడే ఉంటుంది, లోపల మెత్తటి దిండు వేస్తే పసిబిడ్డకూ పనికొస్తుంది, నాలుగేళ్ళు వస్తుంది. చిన్నప్పుడు ఏ సీటులోనైనా బిడ్డను వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలి. పెద్దయ్యాక ఆ రెండోదాన్ని ముందుకు తిప్పుకోవచ్చు.

ఇంతవరకూ జరిగింది జరిగినట్టే ఉంది. ఇక్కడి నుంచే ఆయన గొంతు లేచింది.

"వెనక్కేంటమ్మా అన్నానండి. గుమ్మం దాటే పిల్ల ఎదర దారి చూడాలి గానీ, వెనక్కి చూసుకుంటా వెళ్ళడమేంటి? మెడ నిలవదు సార్, బ్రేకు కొడితే ప్రమాదం అందండి ఆ కొట్లో అమ్మాయి. మెడ నిలవదా? మా వంశంలో పిల్లలు మెడ నిలబెట్టుకునే పుడతారు. మా నాన్న పుట్టినరోజునే తలెత్తి మంత్రసాని పేరు అడిగేడు."

"ఆయ్," అన్నాడు గంగరాజు.

ఆ రెండో సీటు మీద ధనరాజు గారికి మొదటి చూపులోనే అసహ్యం కలిగిందట. ఇవాళ ఇటు కూర్చుని, వచ్చే ఏడు అటు తిరిగేదాన్ని నమ్మడం ఎలా? మనిషికైనా సీటుకైనా ఒక మొహం ఉండాలి. పైగా ఆయన ఆలోచనలో దీనికి ఒక ధర్మశాస్త్రం కూడా ఉంది. పిడి పట్టి ఎత్తేది, ఊపేది ఏదైనా ఉయ్యాలే, కాబట్టి అది తాత పెట్టాలి. కారులోంచి కదలనిది కారు సామాను, టైర్లూ అద్దాలూ కొన్నట్టు దాన్ని అల్లుడు కొనుక్కోవచ్చు. అంత స్పష్టంగా ఉన్న విషయంలో తగువుకు చోటెక్కడిది?

చోటు ఫోనులో దొరికింది. బుట్ట కొని ఇంటికి చేరేసరికి వియ్యంకుడు సత్యదుర్గారావు గారు ఫోన్ చేసి, మా ప్రకాష్ నాలుగేళ్ళు వచ్చే సీటు ముందే కొనేశాడు, మీరేమీ శ్రమ పడకండి బావగారూ అన్నారు.

"శ్రమంటండి," అన్నారు ధనరాజు గారు. "మనవరాలికి ఉయ్యాల పెట్టడం శ్రమంట. ఆయన నాకు మర్యాద చేస్తున్నాననుకుని అన్నాడు చూడండి, అది నాకు మరీ కాలింది."

కాట్రేనికోన గాలిలో ఉప్పు ఎక్కువ. ఏ ఇనుమైనా అక్కడ త్వరగా తుప్పు పడుతుంది గానీ, కోపం మాత్రం ఎంతకాలమైనా చెడకుండా ఊరుతుంది. ఆ కోపంలో ధనరాజు గారు పరీక్ష పెట్టారు. మనవరాలితో సరితూగే కొబ్బరి బొండాన్ని చెట్టు మీద ఉండగానే చూపుతో తూచి దింపించారు. దానికి భార్య వీరవేణి చేత కాటుక బొట్టు పెట్టించారు. ముచ్చిక కొట్టి, నీళ్ళు నిండుగా ఉండగా బుట్టలో పడుకోబెట్టి, మేత బస్తాల వ్యానులో చెరువు గట్టు మీద తిప్పారు. ఆ గట్టు మీద నడిస్తే మనిషి పళ్ళు రాలతాయి. బొండంలో నీళ్ళు ఒక్క చుక్క ఒలకలేదు.

"ఆ తరవాతేమైందో తెలుసాండీ?"

తెలియదని గంగరాజు వినయంగా తల ఊపాడు.

బుట్టను మోకుతో కొబ్బరిచెట్టు కొసకు లాగించి, అక్కణ్ణుంచి వదిలించారట. అది దబ్బున పడలేదు. మధ్యలో ఒకచోట ఆగి, కింద ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, ఆకు రాలినట్టు దిగింది. అంతటితో తృప్తి పడితే ఆయన ధనరాజు గారు కారు. ఆటు మొదలయ్యే వేళ చూసి బుట్టను గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళలో వదిలారు. గోదారి నీరు దాన్ని సముద్రంలోకి లాక్కుపోయింది. కనుచూపు దాటిపోయింది. ఇంట్లోవాళ్ళు ఆశ వదులుకున్నారు. మళ్ళీ పోటుకి అదే బుట్ట, పిడి పైకే ఉండి, నిమ్మళంగా ఒడ్డుకొచ్చి ఆగింది.

"లోపల ఏముందనుకున్నారండి? నిలువెత్తు పండుగప్ప చేప. బెల్టు పెట్టుకుని నిద్రపోతోంది."

"మరి బొండం ఏదండి?" అన్నాడు గంగరాజు.

"తాగేసే కదరా పడుకుంది."

ఇమ్మానుయేలు మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పండుగప్పకి బెల్టు పెట్టుకోవడం ఎవరు నేర్పేరండి?"

"అదేనండి ఆ సీటు గొప్ప. కొత్తవాడికి కూడా దానంతటదే తెలిసిపోతుంది," అన్నారు ధనరాజు గారు, ఏమాత్రం తొణక్కుండా. బాణలి ముందు నిలబడి బజ్జీలు తిప్పుతున్న విజయకుమారి తలెత్తి ఆయన వైపు ఒకసారి చూసింది. ఆ చూపు ఆయన గమనించలేదు.

తరువాత ప్రయాణం రోజు వచ్చింది. కారు వాకిట్లో ఆగింది. వెనక సీటులో అల్లుడు కొన్న ఆ పెద్ద సీటు దర్జాగా బిగించి ఉంది. వియ్యంకుడు దిగి నమస్కారం పెట్టారు. ధనరాజు గారు ఆ నమస్కారం అందుకుంటూనే, ఎడమచేత్తో బుట్ట ఎత్తి కారు బానెట్ మీద పెట్టారు. రెండు సీట్లూ ఎదురుబొదురు అయ్యాయి. ఇక్కడ ఆయన కథలో వియ్యంకుడికీ తనకూ జరిగిన వాదం ఒక మహాసభలా నడిచింది. ప్రకాష్ తలదించుకున్నాడు. వీధి వీధంతా ధనరాజు గారి పక్షమే. చివరికి పెద్ద సీటు దిగింది, బుట్ట ఎక్కింది.

కారు బెల్టు బుట్ట చుట్టూ తిరిగి రాలేదన్న మాట ఇక్కడ ఆయన కథకు అడ్డం వచ్చింది. ఎంత లాగినా జానెడు తక్కువ. దాన్ని దాటకుండా ముందుకు పోవడానికి వీల్లేదు.

"బెల్టు చాల్లేదండి. బుట్ట తప్పు కాదు, కారు ఇరుకు. నేనేం చేసేనో తెలుసా? మా పడవ లంగరు తాడు తెచ్చేను, నీలం నైలాన్ది. సీటు కిందనుంచి తిప్పి, పిడికి చుట్టి, మా తాత ముడి వేసేను. తుపానులో ఊళ్ళో పడవలన్నీ కొట్టుకుపోతే, ఆ ముడి వేసిన మా పడవ నిలిచిందండి. ఒడ్డు కొట్టుకొచ్చి దానికి తగులుకుంది. ఆ ముడి వేసినవాడు తప్ప విప్పేవాడు ఈ భూమ్మీద పుట్టలేదు. ఏనుగులు లాగినా బిగుస్తుందే గానీ వదలదు."

ఆ ముడి మీద కథ ఎంత దూరమైనా పోగలదు. పోయింది. సఖినేటిపల్లి రేవులో కారు గోదారి దాటించే పంటు ఎక్కింది. గోదారి మధ్యలో గాలి లేచింది. పంటు ఒరిగింది. కారు జారబోయింది. దాని వెనక మోటారు సైకిళ్ళు, అరటిగెలల వ్యాను, పెళ్ళివారి బస్సు వరసగా జారబోయాయి. అన్నీ నీళ్ళలోకి పోయేవే. కానీ బుట్ట కదిలితే గదా కారు కదలడానికి? కారు కదిలితే గదా మిగతావి కదలడానికి? ముడి బుట్టను పట్టుకుంది, బుట్ట కారును పట్టుకుంది, కారు పంటును పట్టుకుంది. ధనరాజు గారు ఇవతలి గట్టు మీద నిలబడి తాడు రెండో కొస చేత్తో పట్టుకుని, పంటును పెళ్ళివారితో సహా అవతలి రేవుకు చేర్చారు. ఇవతల నిలబడి లాగితే అవతలికి ఎలా చేరిందని మాస్టారు అడగబోయి, మానుకున్నారు. ఇంత జరిగినా పాప నిద్ర లేవలేదు. సత్యదుర్గారావు గారు నరసాపురం రేవులో దిగగానే ఫోన్ చేసి, "ఉయ్యాల అంటే మీదేనండి బావగారూ," అని ఏడ్చారు.

గంగరాజు గట్టిగా ఊపిరి వదిలాడు. ధనరాజు గారు ఖాళీ గ్లాసును విజయకుమారి వైపు చాపారు.

ఆవిడ గ్లాసు అందుకోలేదు. చిల్లుల గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

"అన్నీ బానే ఉన్నాయి గానీ బాబాయిగారూ, మొన్న గుడ్లకోసం మీ ఇంటికొచ్చేను కదండి. అరుగు మీద ఆ బుట్టలో మీ నల్లకోడి పొదుగుతోందేంటండి? దగ్గరికెళ్ళకు, పొడుస్తుంది అన్నారు పిన్నిగారు."

"అది వేరే బుట్ట," అన్నారు ధనరాజు గారు.

"నీలం తాడు పిడికి ఇంకా వేలాడుతోందండి."

గంగరాజు నవ్వును టీలో ముంచబోతే పొలమారింది. ధనరాజు గారు వాణ్ణి చూడలేదు. ఆయన రోడ్డు అవతలికి, అమలాపురం బస్సు ఆగే చోటికి చూస్తూ కూర్చున్నారు. కోడి దానంతటదే ఎక్కిందనీ, ఎన్నిసార్లు దించినా మళ్ళీ అందులోకే వెళ్ళిందనీ, పొదిగేదాన్ని లేపడం పాపమనీ మెల్లగా సర్దుకోబోయారు.

ఇమ్మానుయేలు మాస్టారు బోర్డు మీద లెక్కకు చివరి మెట్టు వేస్తున్నట్టు నెమ్మదిగా అందుకున్నారు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ధనరాజు గారు లేచి వెళ్ళిపోయేవారు.

"బుట్ట ఇంటిదగ్గరుంది. అంటే ముడి విడిపోయింది. వేసినవాడు తప్ప విప్పలేడని మీరే అన్నారు ధనరాజు గారూ."

ధనరాజు గారు ఖాళీ గ్లాసును బల్ల మీద బోర్లించారు.

"ఆయ్," అన్నారు చివరికి. "నేనేనండి."

ఆయన ఇప్పుడు మరుపు సంగతి ఎత్తలేదు. గొంతు తగ్గించి, జరిగింది జరిగినట్టు చెప్పారు. ముడి విప్పుదామని ముందు ప్రకాష్ లాగాడు, తరువాత వియ్యంకుడు లాగారు, ముడి ఇంకా బిగుసుకుంది. కత్తితో కోసేద్దామని అల్లుడు లోపలికి వెళ్ళబోతే సత్యప్రియ వద్దంది. బిడ్డను భుజాన వేసుకుని తండ్రి దగ్గరికి వచ్చింది. అరవలేదు, ఆచారాన్ని తప్పు పట్టలేదు.

"'నాన్నా, నువ్వు పడవ కదలకుండా కట్టేవు. ఇది కదిలేది. కుదుపొస్తే దీన్ని బెల్టే ఆపాలి, తాడు ఆపలేదు. నువ్వే విప్పు' అందండి. విప్పేను. ఎంతోసేపు పట్టలేదు. ఆ పెద్ద సీటు మళ్ళీ ఎక్కించేరు."

"అదాండి మీరు దాచింది?" అన్నాడు గంగరాజు. వాడి గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

"అది కాదురా." ధనరాజు గారు భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నారు. కోపం ఇంకా ఉంది. కానీ దాన్ని నిలబెట్టుకోవడానికి ఆయన కష్టపడుతున్నట్టు కనిపించింది. "ఆ సీటూ వెనక్కే తిరిగుంటుంది కదా. కారు కదిలేక నేను వాకిట్లోనే నిలబడ్డాను. వెనకద్దంలోంచి చిన్న మొహం. మలుపు తిరిగేదాకా నా వేపే చూసిందండి. ఈ సంగతే కావాలని దాచేను. చెబితే మరి కోపం నిలవదు."