తీసెయ్యనివ్వని దారి

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఎర్ర బటన్ నొక్కితే ఆ కాల్‌ను ఈ లిఫ్టు కంపెనీ ఆఫీసుకు చేర్చేది లోడ్ బ్యాలెన్సర్ అనే సాఫ్ట్‌వేర్. మూతపడ్డ భవనాల నుంచి కాల్స్ వచ్చే దారులన్నీ అందులోంచి తొలగించమని ఆమె కంప్యూటర్‌లోని టూల్‌కు పురమాయించి కూర్చుంది. పక్కన ఆమె మరిది, లిఫ్టుల మెకానిక్, టీ తాగుతున్నాడు.

“అన్నీ పోయాయా వదినా?”

“ఒకదాని దగ్గర టూల్ మొండికేసింది. ఆ దారిలో ఇంకా కాల్ వస్తోందట, తొలగించనంటోంది.”

“ఏ భవనం?”

“పాత కంటి ఆసుపత్రి.”

“అక్కడ కరెంటే లేదు. లిఫ్టు కూడా నేనే దగ్గరుండి విప్పించాను.”

“మరి ఈ కాల్ ఎక్కణ్ణుంచి వస్తోంది?”

“పాతదేదో మిగిలిపోయి ఉంటుంది. బలవంతంగా తీసెయ్యమనండి, అదే పోతుంది.”

“పాతది కాదు. మనం మాట్లాడుతుండగానే మళ్ళీ వచ్చింది.”

అతను గ్లాసు కింద పెట్టాడు. తొలగించే బటన్ మీద ఆమె వేలు ఆగిపోయింది.

“నొక్కెయ్యండి వదినా. నాకు ఒళ్ళు జలదరిస్తోంది.”

“లోపల మనిషుంటే?”

“లోపలంటూ ఏముంది అక్కడ? ఉత్త గొయ్యి.”

“అయినా కాల్ ఎత్తకుండా ఎలా తీసేస్తాను?”

ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని కాల్ అందుకుంది. మెల్లగా ఏదో అడిగి, చాలాసేపు వింటూ ఉండిపోయింది. తర్వాత హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

“ఎవరు వదినా?”

“ఎవరో పెద్దావిడ. ఎక్కడున్నారమ్మా అని అడిగాను.”

“ఏమంది?”

“మనం రావడానికి తొందరేం లేదట. దారి మాత్రం తీసెయ్యొద్దంది.”

ఆమె ఆ ఒక్క దారినీ అలాగే ఉంచి టూల్ మూసేసింది. మరిది మళ్ళీ తీసెయ్యమనలేదు.